బాతుల వెనక మబ్బు

అతన్ని అందరూ మబ్బు అనేవారు. ఆకాశంలో ఓ మబ్బుతునక కనిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి నోరు తెరుచుకుని నిలబడిపోయేవాడు. "వీడికి బాతులే సరి. అవైనా దారి చూసుకుని ఇల్లు చేరతాయి" అని తండ్రి ఓ మందను అప్పగించాడు. కోతలైన మళ్లలో రాలుగింజలు ఏరుకుంటూ బాతులు ముందు నడిచేవి, పొడవాటి గడ భుజాన వేసుకుని అతను వెనక నడిచేవాడు. ఎవరు ఎవరిని తోలుతున్నారో చూసేవాళ్లకు అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం గట్టు మీద గడకు గడ్డం ఆనించి, నిలబడే కునుకు తీశాడు. ఆ కునుకులో నేలంతా నీళ్లలా మెల్లగా సాగిపోతోంది, దాని మీద తనూ తేలిపోతున్నాడు. కళ్లు తెరిచేసరికి ఒక్క బాతూ లేదు.

బురదలో అడుగుల జాడ పట్టుకుని పరుగెత్తాడు. నాలుగు మళ్ల అవతల, అప్పుడే పిలకలు వేస్తున్న లేత వరిలో మందంతా దిగి ఉంది. గట్టు మీద ఒకామె కర్ర పట్టుకుని నిలబడింది. ఆమె తండ్రికి నడుం పట్టేస్తే ఆ చేను తను ఒక్కతే చూసుకుంటోంది.

"ఏమయ్యా, ఇవి నీవేనా?"

"నావే."

"నిద్రపోయావా?"

"లేదండీ. కాసేపు కళ్లు మూసుకున్నానంతే."

తిట్టబోయిన నోటికి నవ్వొచ్చింది. లేత పిలకల్ని కొరికేస్తున్నాయని రోజూ నడుం వంచి తను ఏరుతున్న నత్తల్ని బాతులు గుటుకూ గుటుకూ మింగేస్తుంటే కర్ర ఎత్తడానికి ఆమెకు చెయ్యాడలేదు. మోటారు షెడ్డు నీడలో మంచం మీదున్న తండ్రి కేకేశాడు: "అమ్మాయ్! బాతుల్ని రేపు కూడా రమ్మను. మనిషి సంగతి నీ ఇష్టం!"

ఆ రేపు చాలాసార్లు వచ్చింది. ఆకుపచ్చటి నీళ్లలో తెల్లటి వీపులు కదులుతుంటే గట్టుకు ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చునేవారు. మాటలు తక్కువ. వరి పొట్టకొచ్చాక మాత్రం ఇక మందను రానివ్వకూడదు, వెన్ను తీశాక బాతులు గింజ మిగల్చవు. బాతుల్ని తోలుకుని అతను వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఆమె తలెత్తి ఆకాశం చూడటం తండ్రి గమనించాడు.

ఓ పొద్దున గట్టు మీద అతను ఒక్కడే కనిపించాడు.

"బాతులేవీ?"

"తమ్ముడికి అప్పగించి వచ్చా."

"మరి నువ్వెందుకొచ్చావు, నత్తలేరడానికా?"

"ఏరమంటే ఏరతా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంచం మీంచి తండ్రి గట్టిగా దగ్గాడు.

పంట ఇంటికొచ్చాక పెళ్లయింది. చేని పక్కనే చెరువంత కాకపోయినా ఓ గుంట తవ్వారు, దాని ఒడ్డున బాతులకు పాక వేశారు. ఇప్పటికీ పొద్దున్నే పాక తడిక తీసేది ఆమే. పొగమంచులోకి బాతులు బిలబిలా జారిపోతుంటే వాకిట్లో టీ గ్లాసులు పట్టుకుని ఇద్దరూ చూస్తూ ఉండిపోతారు. టీ చల్లారిపోతుంది. మళ్లీ పెట్టుకుంటారు.