దాగలి మీద కూర్చున్న ఓనరు

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మెటీరియల్స్ సైన్స్ చదవడానికి వచ్చి రెండు నెలలైనా నాకు గది దొరకలేదు. స్నేహితురాలి గదిలో నేల మీద పరుపేసుకుని పడుకుంటూ, కనపడ్డ ప్రతి ప్రకటనకీ మెయిల్ పెట్టేదాన్ని. చివరికి ఊరవతల పల్లెలో ఒక కమ్మరి ఇంటి మేడ మీద గది ఉందని తెలిసింది. అంతకుముందు ఇద్దరు స్టూడెంట్లు పొద్దున్నే మొదలయ్యే సమ్మెట మోతకి తట్టుకోలేక పారిపోయారట. అందుకని ఆ భార్యాభర్తలు ఈసారి మనిషిని చూశాక గానీ గది ఇవ్వం అన్నారు. ఓనరు సంతకం పెడితేనే ఆన్‌మెల్డుంగ్, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఆఫీసులో నమోదు; అదయితేనే మిగతా కాగితాలన్నీ. ఇది కూడా పోతే మళ్లీ ఆ నేల మీది పరుపే గతి.

గది చూపించాక ఆ ఇంటావిడ నన్ను కింద కొలిమి దగ్గరికి తీసుకెళ్లింది. ఆ బొగ్గు వాసనకి నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఓనరుగారు, అరవై దాటిన భారీ మనిషి, టిఫిన్ డబ్బా తెరిచి, తాపీగా వెళ్లి దాగలి మీద కూర్చున్నారు. ఎర్రగా కాలిన ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద! సాసేజ్ పెట్టిన రొట్టె కొరుకుతూ!

మా ఇంట్లో పొరపాటున దాగలికి కాలు తగిలితే తాకి కళ్లకద్దుకుంటాం. దసరాకి పసుపు, కుంకుమ పెడతాం. నాకసలే నోరాగదు.

"లేవండి! ముందు లేవండక్కణ్ణుంచి!" అని తెలుగులోనే అరిచేశాను.

ఆయనకేం అర్థమైందో గానీ రొట్టెతో సహా లేచి నిలబడ్డారు. అయిపోయింది, గది పోయిందనుకున్నాను.

"ఏమైందమ్మాయ్?" అందావిడ.

అప్పటిదాకా క్లాసులో ఎవరడిగినా "మావాళ్లది స్టీల్ బిజినెస్" అని చెప్పేదాన్ని. వీళ్లకి పెట్టిన మెయిల్లోనూ అదే రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇక దాచి లాభం లేక, వచ్చీరాని జర్మన్లో మొత్తం చెప్పేశాను. మాదీ కమ్మరి ఇల్లేనని, దాగలి మాకు దేవుడని, నాన్న పట్టుకారుతో ఇనుము పట్టుకుంటే సమ్మెటెత్తి కొట్టేది మా అమ్మేనని.

ఓనరుగారు నమలడం ఆపేశారు. "మీ అమ్మా? పెద్ద సమ్మెటా?"

"రోజూ. నేను కడుపులో ఉన్నప్పుడు కూడా, ఏడో నెల దాకా."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆవిడ పకపకా నవ్వింది. "అయితే ఈ పిల్ల మోతకి పారిపోదులే. పెళ్లయినప్పట్నుంచీ బల్ల దగ్గర కూర్చుని తినమని మొత్తుకుంటున్నాను, ఏనాడూ లేవని మనిషి ఇవాళ లేచాడు!" సంతకం అక్కడికక్కడే అయిపోయింది.

బయటికి రాగానే అమ్మకి వీడియో కాల్ చేసి జరిగిందంతా చెప్పాను.

"కూసోనియ్యి బిడ్డా, ఆయన దాగలి ఆయనిష్టం," అంది అమ్మ. "గది గాదు గని, నా గురించి ఆళ్లకేం జెప్పినవో అది జెప్పు."

తెలుగులో మొదలుపెట్టాను.

"అట్ల గాదు. ఆళ్లకు జెప్పినట్టే జెప్పు."

జర్మన్లో చెప్పాను. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఫోన్ దగ్గరగా పెట్టుకుని మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత నాన్నని కేకేసి పక్కన కూర్చోబెట్టుకుని, "ఇగ మల్ల జెప్పు," అంది.