పెదనాన్న నమ్మిన నా హెడ్డింగు

ఆ రోజుల్లో పేపర్లో నా పేరు పడితే లోకం ఒక అంగుళమైనా కదులుతుందని నమ్మేవాణ్ణి. తెనాలిలో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఆరోగ్యం పేజీకి ‘సున్తీ అవసరమా?’ అని చర్చ రాయమన్నారు. తెనాలి సర్జన్ అక్కర్లేదన్నారు. బాపట్ల సర్జన్, ఆయన ముస్లిం, కొందరికి తప్పదన్నారు. షుగరున్న పెద్దవాళ్ళ సంగతీ చెప్పారు. ఇద్దరిదీ ఒకటే చదువు. నేను మాత్రం మొదటాయన మాటల మీద ‘వైద్యం ఏమంటోంది?’ అనీ, రెండో ఆయన మాటల మీద ‘ముస్లింల నమ్మకం’ అనీ హెడ్డింగులు పెట్టి, సమతూకం భలే కుదిరిందని మురిసిపోయాను. (షుగరు ముక్క చోటు చాలక తీసేశాను.)

రేపల్లెలో మా పెదనాన్న షుగరు మనిషి. ముందు చర్మం బిగుసుకుపోయి మూత్రం చుక్కలుగా వస్తోందని, ఆ బాపట్ల డాక్టరే ఆయనకు సున్తీ ఆపరేషన్ రాశారట. వ్యాసం చదివి పెదనాన్న ఆపరేషన్ మానేశాడు. పెద్దమ్మ నాకు చెప్పేసరికి నెల దాటింది. పరుగెత్తాను.

“నువ్వే రాశావు గదరా, అది వాళ్ళ నమ్మకమని! ఈ వయసులో నన్ను మతంలో కలుపుతావేంటి?”

“ఆ హెడ్డింగు నేను పెట్టింది పెదనాన్నా. డాక్టరుగారు అనలేదు.”

“పేపర్లో పడ్డాక కాదనడానికి నువ్వెవడివిరా?”

సవరణ వేద్దామని ఆఫీసులో బతిమాలాను. ఇన్‌చార్జి రెండుసార్లు చదివి, “ఇద్దరూ అన్న మాటలే ఉన్నాయి కదయ్యా, ఏం సవరించమంటావు?” అన్నారు. బాపట్ల డాక్టరుకు ఫోన్ చేసి క్షమాపణ చెబితే, “అది తర్వాత చూద్దాం బాబూ, ముందు పెద్దాయన్ని తీసుకురండి” అన్నారు. పెదనాన్న కదల్లేదు.

చివరికి మూత్రం పూర్తిగా ఆగిపోయాక, ఆయన పట్టుపట్టడంతో తెనాలికే తెచ్చాం. అదే ఆపరేషన్ చేసింది, అక్కర్లేదన్న సర్జనే. “మీరు వద్దన్నారు కదండీ?” అని అడిగితే, “అది ఆచారం సంగతి బాబూ. ఇది వైద్యం” అన్నారు. కిడ్నీలు మాత్రం కోలుకోలేదు. పెదనాన్న రెండేళ్ళకు మించి లేడు.

ఆపరేషన్ అయిన మర్నాడు ఆసుపత్రిలో ఆయన నా చెయ్యి పట్టుకుని, “ఊళ్ళో హెర్నియా అని చెప్పరా అబ్బాయ్” అన్నాడు. పలకరించడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. పేపరు మనిషి మాట గదా, అందరూ నమ్మారు. పెదనాన్న కళ్ళు మూసుకునే చిన్నగా నవ్వాడు. ఇప్పుడు ఆ కుర్ర విలేకరిని తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. రేపల్లె బస్సెక్కినప్పుడు మాత్రం ఆ నవ్వు నిలవదు.