కోటలో బందీ కోసం ప్రార్థన

నేను మొదట చదివిన నవల మా అక్కది. నిజానికి అక్కదీ కాదు, నిజామాబాదులో తనతోపాటు టీచర్ ట్రైనింగు చదివే ఓ పిల్లది. క్రిస్మస్ సెలవులకు రుద్రూర్ దగ్గరి మా ఊరికి వస్తూ అక్క దాన్ని ట్రంకుపెట్టె అడుగున, చీరల మడతల్లో పెట్టి తెచ్చుకుంది. ఇంట్లో ఎవరేది దాచినా నాకు ఇట్టే వాసన తగులుతుంది. మర్నాటికే పుస్తకం నా చేతిలో ఉంది. అక్క ముందు నాలుగు తగిలించింది, తర్వాత తనే ఇచ్చింది.

అప్పుడు నేను ఏడో తరగతి. రాజులంటే చరిత్ర పాఠంలో ఉన్నవాళ్లే తెలుసు. వాళ్లు పట్టాభిషేకం చేసుకునేవాళ్లు, యుద్ధాలు గెలిచేవాళ్లు, బాటల పక్కన చెట్లు నాటించి చచ్చిపోయేవాళ్లు. ఆ కాలం మనుషులకూ గుండె దడదడలాడుతుందని మా సారు ఒక్కనాడూ చెప్పలేదు. ఈ పుస్తకంలో ఓ కోట, దాన్ని కాచే సేనాపతి, ఆయనకో కూతురు. శత్రురాజు దగ్గర్నుంచి రాయబారం తెచ్చిన ఓ కుర్ర రౌతు. ఆమె బురుజు మీదనుంచి చూస్తుంది, అతను గుర్రం దిగుతూ తలెత్తుతాడు. అంతే. ఆ పేజీ దగ్గర నేను ఎంతసేపు ఉండిపోయానో గానీ పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

ఆ వాసనకు అవ్వ వచ్చింది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. తిడుతుందనుకున్నాను. ఆమె పుస్తకం వంక చూసింది.

"ఏం సదువుతున్నవే, ఒంటిమీద సోయి లేకుంట?"

"కథ అవ్వా."

"పెద్దగ సదువు, నేను గూడ ఇంట. నీ వంతు బీడీలు నేనే సుడుత."

అవ్వకు అక్షరం ముక్క రాదు. మా ఇంట్లో చదవడమంటే ఒకరు దేవుని వాక్యం పైకి చదవడం, మిగతావాళ్లు తల వంచుకుని వినడం. నాకు వచ్చిన గొంతు కూడా అదొక్కటే, సండేస్కూల్లో నేర్పింది. ప్రతి మాట చివరా కాస్త సాగదీసి ఆగాలి. ఆ గొంతుతోనే సేనాపతి కూతురి విరహమంతా చదివాను. అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, చాట ఒళ్లో పెట్టుకుని, బీడీలు చుడుతూ వింది. మొదట నాకు నవ్వాగలేదు. రెండు రోజులకు మాత్రం అవ్వ పక్కన కూచుని "అయ్యో బిడ్డా" అనకపోతే నాకు కథ రుచించడం మానేసింది.

రేపు పొద్దున అక్క బస్సెక్కుతుందనగా రౌతు పట్టుబడ్డాడు. నేలమాళిగలో గొలుసులేసి పడేశారు. ఇక మిగిలినవి ఆఖరి పేజీలే, కానీ పుస్తకం అక్కతో వెళ్లిపోతుంది. చదువుదామని కూచునేసరికి బోధన్‌లో చెరకు దింపి బాపు, అంటే మా నాన్న, బండి తోలుకొచ్చాడు. సాయంత్రం ప్రార్థన కూడిక మన ఇంట్లోనే, చాపలు పరవండి అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కూడికలో అయ్యగారు, అంటే మా పాస్టరు, ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పమన్నారు. ఒకామె మనవడి జ్వరం సంగతి చెప్పింది, ఒకాయన ఈనలేక బాధపడుతున్న బర్రె సంగతి. కూడికల్లో ఎన్నడూ నోరు విప్పని అవ్వ ఆ రోజు మోకాళ్ల మీద లేచి గొంతెత్తింది.

"ప్రభువా, ఆ పిలగాడు తల్లి లేనోడు. ఏ తప్పు జెయ్యలే. నేలకింద గొలుసులేసి పెట్టిండ్రు. ఆని కోసం ఆ పిల్ల బువ్వ ముడుతలేదు. ఆన్ని ఇడిపియ్యి తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. ఒకామె కళ్లు కూడా తుడుచుకుంది. చాప కింద దూరే వీలుంటే నేను దూరేదాన్ని.

ప్రార్థన అయ్యాక అయ్యగారు అవ్వ దగ్గరికి వచ్చారు. "ఏ జైల్ల ఉన్నడమ్మా పిల్లగాడు? నేను పోయి కలిసొస్త."

"నాకేం ఎరుక అయ్యగారూ. నా బిడ్డ సదివింది, దాన్ని అడుగుండ్రి."

అక్క గోడకు అతుక్కుపోయింది. పుస్తకం బయటికి రాక తప్పలేదు. మా సంఘంలో నవల అంటే కల్లుముంతతో సమానం, బాపేమో సంఘపెద్ద. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, అట్టమీది బొమ్మ చూసి, పొయ్యి వైపు చూశాడు. నాకు దెబ్బల భయం లేదు. ఆ రౌతు ఏమయ్యాడో తెలియకుండానే బతకాల్సి వస్తుందేమోనన్నదే నా భయం.

అయ్యగారు అవ్వకు మెల్లగా చెప్పారు. "ఇది కల్పించిన కథమ్మా. గసొంటి పిల్లగాడు లేడు."

అవ్వ బిత్తరపోయింది. అచ్చులో ఉన్నదంతా ఎక్కడో జరిగిందేనని ఇన్నాళ్లూ నమ్మింది పాపం.

"లేకుంటె లేకపాయె" అంది. "ఆన్ని గొలుసులల్ల ఇడిసిపెట్టి నాకు నిద్రెట్ల పడుతది?"

ఎవరూ నవ్వలేదు. అయ్యగారు బాపు వైపు చూశారు. బాపు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"సదువు బిడ్డా. గింతమందిమి ఆమెన్ అన్నంక, ఆడు ఏమైండో ఎరుక గాకుంటె ఎట్ల?"

అలా, ఏ మూలో కూచుని ఒక్కదాన్నే చదువుకుందామనుకున్న పేజీలను కూడికకు వచ్చినవాళ్లందరికీ చదివాను. అయ్యగారే కందిలి దీపం నా దగ్గరికి జరిపారు. సేనాపతి కూతురు తండ్రి నడుమునుంచి తాళాలు తీసేచోట నేను అలవాటుగా సాగదీస్తే, బర్రె ఆసామి "జల్ది సదువు" అని కసిరాడు. గొలుసులు ఊడాయి, గుర్రం దొరికింది, ఇద్దరూ ఏరు దాటారు. అవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. బాపు ఎద్దులకు మేత వెయ్యాలంటూ లేచాడు. కూడికకు ముందే వేశాడని నాకు తెలుసు. ఆ మనిషి మీద అంత ప్రేమ నాకు అంతకుముందు ఎన్నడూ కలగలేదు.

అందరూ వెళ్లాక చాపలు చుడుతూ అక్క ఉండబట్టలేక అంది. "అవ్వా, గది ఎన్నడో అచ్చయిన పుస్తకం. నువ్వు ప్రార్థన జేస్తె ఆడు బయటపడలే."

"అయితేంది?" అంది అవ్వ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ప్రభువు మనం అడగకముందే ఇడిపిచ్చిండు."