పగడానికి పోసిన రాగి బిందె నీళ్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి మార్చిలో నాకు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక ఆఫీసరుగారి బంగళా డ్యూటీ పడింది. నా హోదా బంగళా ఖలాసీ. అంటే జీతం రైల్వేది, పని ఆఫీసరుగారి ఇంట్లో. మా ఆయన పోయాక నాకిచ్చిన ఉద్యోగం అది. చదువు ఐదో క్లాసుతో సరి. వంట, ఫోను ఎత్తడం, బట్టలు ఉతకడం తెలిసిన పనులే. ఆ బంగళాలో మాత్రం అదనంగా ఒక సముద్రాన్ని అప్పగించారు.

హాల్లో పెద్ద గాజు తొట్టె. అందులో ఉప్పునీళ్లు, చేపలు, నత్తలు, మధ్యలో పిడికిలంత రాతి పగడం. అటవీ శాఖ అనుమతి ఉన్నదే. చూపుకి రాయి గానీ అది ప్రాణి. పైన ఆకుపచ్చటి కండ మడతలు మడతలుగా ఉండేది. సాయంత్రం లైటు తగ్గించగానే సన్నటి వేళ్లు చాపి మేత అందుకునేది. మొండి జాతి, అంత తొందరగా చావదని సారు చెప్పారు. ఎన్ని బదిలీలైనా దాన్ని వెంటబెట్టుకునే తిరిగారట.

బిలాస్‌పూర్ ఎండకి తొట్టెలో నీళ్లు ఆవిరైపోతాయి. నీళ్లు పోతాయి గానీ ఉప్పు అందులోనే ఉండిపోతుంది. అందుకని తగ్గినమేరకు ఉప్పు కలపని ఫిల్టరు నీళ్లే పొయ్యాలి. అవి ముందురోజే తెల్ల ప్లాస్టిక్ బకెట్లో పట్టి ఉంచేదాన్ని.

ఏప్రిల్లో సారు వాళ్లమ్మగారు బొబ్బిలి నుంచి వచ్చారు. ఆటోలోంచి ఆవిడ పెట్టె కన్నా ముందు రాగి బిందె దిగింది. వంట నాది, పూజగది తుడవడమూ నాదే. "నన్ను కుర్చీలో బొమ్మలా కూకోబెట్టీసేరు. నేనేటి చెయ్యాలే వరాలూ?" అనేవారు మామ్మగారు. తొట్టె దగ్గరికి వెళ్తే సారు, "అమ్మా, అందులో చెయ్యి పెట్టకు" అని ఆఫీసుకి వెళ్లిపోయేవారు.

కొన్నాళ్లకి నత్తలు ఒక్కొక్కటే చచ్చాయి. పగడం వేళ్లు చాపడం మానేసింది. ఓ పక్క కండ ఊడి తెల్లటి ఎముక బయటపడింది. సారు ఉప్పు కొలిచారు, వేడి కొలిచారు. నీళ్లు చల్లబరిచే మెషినూ బాగానే ఉంది. ఇది పోతే తొట్టే ఎత్తించేస్తానన్నారు. అన్నం సగంలో వదిలి లేచి వెళ్లి దాన్ని చూసుకునేవారు.

ఒక ఆదివారం నన్ను పిలిచారు. "చేపలు బాగున్నాయి, నత్తలు పోయాయి. నీళ్లకి రాగి తగిలినట్టుంది, నత్తలకీ పగడానికీ అది విషం. తీగముక్క గానీ, నాణెం గానీ పడిందా వరాలమ్మా?" అంటూ తొట్టెలో నీళ్లు తిప్పే మోటారు విప్పడానికి కూర్చున్నారు.

నా చూపు వంటింటి గట్టు మీదికి పోయింది. చింతపండుతో తోమిన బిందె తళతళలాడుతోంది. గుమ్మంలో మామ్మగారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడే అన్నారు.

"ఆ మోటారు విప్పకురా నాయినా. రాగి నాదే."

ప్రాణమున్నదానికి ప్లాస్టిక్ నీళ్లేమిటని, నేను బకెట్లో పట్టిన నీళ్లని పొద్దుగూకాక బిందెలో పోసి, తెల్లారి నేను రాకముందే మళ్లీ బకెట్లో ఒంపేసేవారట. "మీ నాన్నకీ నీకూ ఆ రాగి బిందె నీళ్లే ఇచ్చేను" అన్నారు.

"ముట్టుకోవద్దన్నాను కదమ్మా!"

"తొట్టెలో చెయ్యెట్టొద్దన్నావు. ఎందుకో చెప్పేవేటి?"

సారు స్క్రూడ్రైవరు కింద పెట్టారు.

రోజూ కొంత నీరు తీసేసి, కొత్తగా ఉప్పు కలిపిన నీళ్లు పోశాం. రాగిని పట్టే బొగ్గు సంచి ఫిల్టర్లో పెట్టాం. అయినా సగం పగడం చచ్చిపోయి, ఆ భాగం మీద పాచి పట్టింది. మిగతా సగం వానలు పడ్డాక వేళ్లు చాపింది. సారు నీళ్లు పోసే పని వాళ్లమ్మగారికే అప్పగించి, ఏది ఎందుకో కూర్చోబెట్టి చెప్పారు. "తాగమ్మా తాగు, ఈ ప్లాస్టిక్కే నీకు రాసిపెట్టీసుంది" అంటూ ఆవిడ మగ్గుతో పోసేవారు.

ఆ తర్వాత ఏ బంగళా డ్యూటీకి వెళ్లినా, మొదటి రోజే ఇంట్లో అందరి ముందూ ఏది ఎందుకు ముట్టుకోకూడదో సారుల చేత చెప్పించుకునేదాన్ని. వద్దు అన్న ఒక్క మాట, మేలు చేద్దామనుకునే చేతిని ఆపదు.