జమ్ములమ్మ అడిగిన నిద్ర

మల్దకల్ నుంచి కూలికి వచ్చి, పట్నం శివారులో విమానాశ్రయం గోడ పక్కనే గుడిసె వేసుకున్న జమ్ములమ్మది పెద్ద గొంతు. మాట్లాడుతూ ఎదుటివాళ్ల భుజం తడుతుంది. విమానం లేస్తుంటే పని ఆపి, కొంగు నడుముకు దోపి, కనుమరుగయ్యేదాకా గర్వంగా చూస్తుంది. ఆ రన్‌వేకు కంకర మోసినవాళ్లలో ఆమె కూడా ఉంది. కానీ రాత్రిళ్లు ఆ గోడ అవతలే విమానాల ఇంజన్ల పరీక్షలు మొదలయ్యాక బస్తీలో పసిపిల్లలు దడుసుకుని ఏడ్వసాగారు. పంచాయతీ ఎన్నికల ముందు సభ పెట్టిన నాయకుడు, "ఈ మోత మీకు పడకుంటే మిమ్మల్ని దూరం పంపిస్తం," అన్నాడు. సభకు వచ్చిన అవతలి పార్టీవాళ్లు, "ఎయిర్‌పోర్టు గేటు పలగ్గొట్టుండ్రి!" అని అరిచారు. జమ్ములమ్మ లేచి నిలబడింది.

"మేమెందుకు పోతం సారూ? గా రన్‌వేకు కంకర మోసింది మేమే. గేటెందుకు పలగ్గొడ్తం? విమానాలు ఎగరనియ్యుండ్రి. గా పరీక్షలు మాత్రం అవతలి కొసకు పెట్టుకోండ్రి. మా పిల్లలు జర కంటినిండ పండుకోవాలె."

బస్తీ అంతా ఆమె వెనక లేచింది. నామినేషన్లకు ముందే పరీక్షలు అవతలి కొసకు మారాయి. ఇక రెండు పార్టీలూ తమ స్టేజీ ఎక్కమని ఆమెను బతిమాలాయి.

"ఎవ్వల స్టేజీ ఎక్కను," అని నవ్వింది జమ్ములమ్మ. "ఈసారి వార్డుకు నేనే నిలబడ్త."