బావ సైకిల్ దిగని రోజులు

పోయిన నెల ఆళ్లగడ్డ నుంచి వచ్చి నంద్యాల బస్టాండులో దిగేసరికి, గేటు పక్కన నీడలో కొందరు కాలేజీ పిల్లలు సైకిళ్ళు వరసగా నిలబెట్టి, వెనక చక్రం నేలకు తగలకుండా ఇనుప స్టాండ్లు బిగించి, ఉన్నచోటనే తొక్కుతూ కనిపించారు. ఏదో దేశంలో యుద్ధం వల్ల ఇళ్ళు వదిలి పారిపోయి వచ్చినవాళ్ళ కోసమట. శరణార్థులు అన్నారు వాళ్ళు. మేమైతే కాందిశీకులు అనేవాళ్ళం, ఆ మాట మా తరంతోనే పోయినట్టుంది. డబ్బు వేయడానికి ఒక అట్ట మీద ఫోనుతో తీసే గళ్ళబొమ్మ అంటించి పెట్టారు. నాకది చేతకాక సంచిలోంచి ఒక నోటు తీసి ఇస్తే, అక్కడున్న అమ్మాయి మొహమాటపడుతూనే తీసుకుంది. ఇంటికి నడిచి పోవలసినదాన్ని, అక్కడే సిమెంటు బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ రోజు నేను బావ చనిపోయాక పెట్టిన ఆదరణ కూడికకు పోయి వస్తున్నాను.

కూడికలో మాట్లాడినవాళ్ళంతా మంచివాళ్ళే. విశ్వాసం, సహనం, సేవ అని చెప్పారు. ఏదీ అబద్ధం కాదు. కానీ వింటున్నంతసేపూ వాళ్ళు చెబుతున్న మనిషి నాకు తెలిసిన మనిషిలా అనిపించలేదు. నాకు తెలిసిన బావ గోళ్ళలో ఎప్పుడూ గ్రీజు ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఆయన మా ఇంట్లో అన్నం తింటూ ఏనాడూ మారు అడిగి ఎరగడు.

బావ అంటే మా అక్క భర్త. నంద్యాలలో మిషను హాస్టల్లో పెరిగి, సైకిల్ షాపులో పని నేర్చుకున్న మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. మా నాయనకు మేమిద్దరం ఆడపిల్లలమే, అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పొలం చూసుకునే మగదిక్కు ఉండాలని, మా చర్చి అయ్యగారు చెప్పిన ఈ సంబంధం ఒప్పుకుని, నాయన అల్లుణ్ణి ఆళ్లగడ్డకు ఇల్లరికం తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక తెలిసింది, ఆయనకు ఎద్దులంటే భయమని. ఒక్క పంటకాలం చూసి, బావ పొలం వదిలి బస్టాండు ఎదురుగా గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిళ్ళ షాపు పెట్టుకున్నాడు. అప్పటినుంచి నాయన ఆయనతో నేరుగా మాట్లాడడం మానేశాడు. చెప్పవలసింది ఉంటే, బావ పక్కనే కూర్చుని ఉన్నా సరే, అక్కతో చెప్పేవాడు. బావ కూడా జవాబు అక్కతోనే చెప్పేవాడు. అక్క ఇద్దరి మధ్యా విస్తరి ముందు నిలబడి, ఎవరి మాటా ఎవరికీ మళ్ళీ చెప్పనవసరం లేదు గనుక, ఊరికే నీళ్ళు పోస్తూ ఉండేది.

ఇది డెబ్బై ఒకటో సంవత్సరం మాట. నేను నంద్యాలలో టీచర్ ట్రైనింగు ముగించి ఆళ్లగడ్డ మిషను బడిలో కొత్తగా చేరాను. తూర్పు బెంగాల్ నుంచి జనం సరిహద్దు దాటి వస్తున్నారని రోజూ రేడియోలో చెప్పేవారు. ఆ ఏడాది ఆఖరుకు మనం పోస్టు చేసే కవరు మీద కూడా వాళ్ళ సహాయానికని అయిదు పైసల బిళ్ళ అదనంగా అంటించేవాళ్ళం, నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దానికి కొంచెం ముందే, వానలు ఇంకా పూర్తిగా తగ్గకమునుపు, ఒక ఆదివారం అయ్యగారు చర్చిలో కాందిశీకుల సంగతి చెప్పి, మన ఊరివాళ్ళందరి దగ్గరా ఏమైనా పోగుచేయగలమా అని అడిగారు. ఎప్పుడూ నోరు తెరవని బావ వెనక వరసలో లేచి నిలబడ్డాడు.

ఆ రోజుల్లో నంద్యాలలో అప్పుడప్పుడు ఎవరో ఒకరు వచ్చి, మైదానంలో గుండ్రంగా తాళ్ళు కట్టి, రోజుల తరబడి కాలు కింద పెట్టకుండా సైకిల్ తొక్కేవారు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిల్ మీదనే. మైకులో పాటలు వేసేవారు, చూడవచ్చినవాళ్ళు చొక్కాకు నోట్లు గుచ్చేవారు. అలాంటివాళ్ళ సైకిళ్ళు బాగుచేసిన అనుభవం బావకు ఉంది. తాను కూడా అలా బుధవారం పొద్దున ఎక్కి, ఆదివారం ఆరాధన అయ్యాక దిగుతానని, వచ్చిందంతా కాందిశీకులకు పంపమని చెప్పి కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నాయన కంచం మీద నుంచి తల ఎత్తకుండానే అక్కతో అన్నాడు.

"మనింటి అల్లుడు నడిబజార్లో గారడీ ఆడతాడంటనా? యాడనో బెంగాల్లో ఉండేటోళ్ళకు ఈడ ఈయప్ప చక్రం తిప్పితే కడుపు నిండుతాదా? అడుగు."

బావ చెయ్యి కడుక్కుని లేస్తూ అన్నాడు. "ఇంకొకరింట్లో కూచొని తినేది ఎట్లుంటాదో నాకు తెలుసని చెప్పు."

సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతూ అక్క నాకు అసలు సంగతి చెప్పింది. బావ నంద్యాలకు పోయి పాత షాపు యజమాని దగ్గర మళ్ళీ పని మాట్లాడుకుని వచ్చాడు. ఆదివారం సైకిల్ దిగినాక ఈ ఇంటికి రాడు, అట్నుంచి అటే బస్సెక్కుతాడు. అక్కను రమ్మనలేదు, రావద్దని కూడా అనలేదు. అక్క అప్పుడు కడుపుతో ఉంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ ఉంటే నేను చేతిలోంచి తీసుకున్నాను.

బుధవారం చర్చి ముందరి బడి మైదానంలో తాడు కట్టారు. మొదటిరోజు ఊళ్ళో సగం మంది వేళాకోళానికే వచ్చారు. కాఫీ హోటలాయన తాడు పట్టుకుని నిలబడి, "ఏందప్పా, మామ పెట్టిన కూడు అరగకుంటే మడక దున్నొచ్చు గదా, ఈడ తిరుగుతాండావే!" అని అరిచాడు. బావ ఒక చుట్టు తిరిగి ఆయన ముందుకు వచ్చినప్పుడు, "ఆడ ఎద్దులుంటాయన్నా, ఈడైతే నేనొక్కణ్ణే" అన్నాడు. అందరూ నవ్వారు. తనను చూసి తానే నవ్వుకున్నవాణ్ణి ఇంక ఎవరేం అంటారు, ఆ తర్వాత ఆ మాటలు తగ్గాయి. గురువారం నుంచి జొన్నలు, చీరలు, దుప్పట్లు రావడం మొదలైంది. శిరివెళ్ల వైపు నుంచి ఎవరో మూటెడు ఎండుమిరపకాయలు పంపారు. ఒక ముసలావిడ జొన్నలు చేటలో తెచ్చి, "బెంగాలోళ్ళు జొన్నకూడు తింటారా అమ్మా?" అని నన్నడిగింది. నాకు తెలియదన్నాను. ఆకలైతే తింటారులే అని తనే సమాధానం చెప్పుకుని పోసింది.

అక్క మైదానానికి పోకూడదని నాయన మాట. అందుకని జొన్నరొట్టెలో ఊరుమిండి పచ్చడి పెట్టి చుట్టి నాతో పంపేది, నేను కొంగు బిగించుకుని సైకిల్ పక్కన గబగబా నడుస్తూ అందించేదాన్ని, బడి పిల్లలు చూసి నవ్వేవాళ్ళు. గురువారం సాయంత్రానికి అక్కే వచ్చింది. అంతమంది చూస్తుండగా, భారంగా అడుగులు వేస్తూ పక్కన నడుస్తూ, రొట్టె తుంచి ఆయన నోటికి అందించింది. ఆ రోజుల్లో భార్యాభర్తలు బజారులో పక్కపక్కన కూడా నడిచేవాళ్ళు కాదు. సంగతి నాయన చెవిన పడింది.

శుక్రవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. అది నల్లరేగడి నేల. తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తడిస్తే చెప్పును కూడా వదలదు. మమ్మల్ని ఎవరైనా అడిగి ఉంటే ఆ నేలలో వద్దని చెప్పేవాళ్ళమే, కానీ చర్చి ముందర కదా అనే తప్ప అక్కడ పుట్టి పెరిగిన మాకెవరికీ వాన సంగతి తోచలేదు. నాలుగు చుట్లకే బురద చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య పట్టేసి సైకిల్ ఆగిపోబోయింది. పక్కకు ఒరుగుతూనే బావ ఎలాగో హ్యాండిల్ తిప్పి, మెట్ల మీద ఎవరో గబుక్కున వేసిన బడి బల్ల ఎక్కి, చర్చి ముందరి సిమెంటు వసారాలోకి వచ్చి పడ్డాడు. నాలుగు మంచాలు పట్టే చోటది. అందులోనే గిరగిరా తిరగసాగాడు. అంత ఇరుకులో ఒకే వైపుకు తిరుగుతూ ఉంటే మనిషికి కళ్ళు తిరుగుతాయి. అయ్యగారు తడుస్తూ వచ్చి, "చాలు నాయనా, దిగు. దేవుడు చూసినాడు" అన్నారు. "ఆదివారమన్నాను గదా అయ్యగారూ" అన్నాడు బావ. ఆదివారం దాకా ఆ ఇరుకులో తొక్కలేడని అక్కడున్న అందరికీ తెలుసు. ఓడిపోయి దిగినా, గెలిచి దిగినా ఆయన పోయేది నంద్యాలకే అని అక్కకూ నాకూ తెలుసు.

ఆ సాయంత్రం అక్క తడిబట్టలతోనే నాయన ముందుకు పోయి నిలబడింది. "నాయనా, ఆయన సైకిల్ దిగినాక ఈ ఇంటికి రాడు. నేనూ ఆయన వెంబడి పోతాండా" అంది.

"చెప్పమన్నాడా?" అన్నాడు నాయన.

"లేదు. నేనే చెప్తాండా."

నాయన ఆ పూట అన్నం తినలేదు.

శనివారం పొద్దున వాన తెరిపి ఇచ్చాక, మైదానం గట్టు మీద మా రెండెద్దుల బండి కనిపించింది, వెనక ఇంకో బండి. ముందు దాంట్లో వంకలోంచి తెచ్చిన ఇసుక, వెనక దాంట్లో నాపరాళ్ళు. మా ఇల్లు అప్పటికి మట్టినేల. అక్క కాన్పు లోపల నడింట్లో పరిపించాలని నాయన ఎన్నో ఏళ్ళు ఆగి ఆ రాళ్ళు తోలించి పెరట్లో పేర్చుకున్నాడు. సేద్యగాళ్ళ చేత తాడు పొడుగునా బురద మీద ఇసుక పోయించి, పంచె ఎగగట్టుకుని తనే గొంతుకూర్చుని, జారకుండా గరుకు వైపు పైకి వచ్చేట్టు ఒక్కొక్క రాయీ పరవసాగాడు. వసారా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కాఫీ హోటలాయన ఉండబట్టలేక అడిగాడు.

"ఏంది పెద్దాయనా, ఇంట్లోకి తెచ్చుకున్న బండలు ఈడ పరుస్తాండావ్?"

నాయన చేతిలో రాయిని సర్ది, కొయ్యసుత్తితో తట్టి, అప్పుడు అన్నాడు. "ఇంటాయన ఈడ ఉంటే, బండలు ఆడ ఎవురికప్పా?"

నేను అక్క వైపు చూశాను. అక్క బావ వైపు చూస్తోంది. బావకు వినబడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మాట వినబడే దూరమే, కానీ ఆయన తల తిప్పలేదు, తిరుగుతూనే ఉన్నాడు. ఆఖరి రాయి పడ్డాక వసారా మెట్ల పక్కన వాలుగా ఒక పలక వేశారు. దాని మీదుగా బావ మెల్లగా దిగి రాళ్ళ మీదికి వచ్చాడు. చక్రాల కింద రాళ్ళు టకటకమని చప్పుడు చేశాయి. ఊరంతా అరిచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన సైకిల్ ఆపాడు గానీ దిగలేకపోయాడు. మోకాళ్ళు చాపడానికి రాలేదు. నాయన వచ్చి ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో ఆయన నడుము పట్టుకుని, "నేను పట్టుకుంటా, దిగు" అన్నాడు. ఎన్ని నెలల తర్వాతో ఆయన బావతో నేరుగా అన్న మాట అదే. ఎద్దులబండి మీద బావను పడుకోబెట్టి ఇంటికి తీసుకుపోయారు. మధ్యాహ్నం నంద్యాల బస్సు మా వీధి చివరి నుంచే పోయింది. అది పోయేదాకా అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు.

పోగైన గింజలూ బట్టలూ కర్నూలు మీదుగా పంపారు. ఎవరికి చేరాయో మాకు తెలియదు. యుద్ధం అయిపోయాక కాందిశీకులు తిరిగి పోతున్నారని రేడియోలో వచ్చిన రోజు, బావ పంక్చరు వేస్తున్న ట్యూబు వదిలి ఇంటికి వచ్చి, "పోతాండారంట, వాళ్ళ ఇండ్లకు" అని అక్కకు చెప్పి మళ్ళీ షాపుకు పోయాడు. నాపరాళ్ళు కొన్ని పగిలాయి. మిగిలినవి నడింట్లో పరిచారు. ఆ మీదట నాయనా బావా సఖ్యంగా ఉన్నారని చెప్పను, ఎద్దుల గురించి చివరిదాకా తగాదా పడుతూనే ఉన్నారు. కానీ నేరుగానే తగాదా పడేవాళ్ళు. నాయన మంచాన పడ్డప్పుడు ఎత్తి స్నానం చేయించింది బావే.

ఇప్పుడు ఇల్లరికం అన్న మాటే వినబడదు. అక్క కూతురూ అల్లుడూ హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉంటారు, ఎవరింట్లో ఎవరు తింటున్నారనే లెక్క వాళ్ళకు లేదు, అది మంచిదే. కూడిక అయిన మర్నాడు వాళ్ళు వెళ్ళిపోయారు. నేను కూడా బస్సు వేళయిందని సంచి తీసుకుంటే, అక్క గడప దగ్గర కూర్చుని అంది. "మే, నేను పుట్టింది ఈ ఇంట్లోనే గదా. ఆయన పోయినాక ఎవురింట్లోనో ఉన్నట్టుండాది."

నేను సంచి కింద పెట్టాను. కాసేపు పక్కన కూర్చుని వచ్చేశాను. ఒకప్పుడు ఆ ఇంట్లో ఒక్క మనిషికి చోటు కావడానికి అంత జరగవలసి వచ్చింది. ఇప్పుడు అక్కడ ఉన్నదంతా చోటే.