ఖాజాబీ ఇంటి వారం

శనివారం మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే తిరిగొచ్చింది. బషీర్ దాన్ని ఆటోలోంచి తెచ్చి భార్య కుట్టుమిషను పక్కన పెట్టాడు.

"ఆకలి లేదంట," అన్నాడు.

ఖాజాబీ మూత తీసి చూసింది. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, తను సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. నిన్నా ఇంతే. నిన్న మాత్రం నిజంగానే ఆకలి లేదేమో అనుకుంది.

ధరూర్ మండలంలో కృష్ణ ఒడ్డునున్న ఆ ఊరికి ఖాజాబీ గోపాల్‌పేట నుంచి కోడలిగా వచ్చింది. జాకెట్లు కుడుతుంది. బషీర్ గద్వాలకు షేర్ ఆటో నడుపుతాడు. కరోనా వచ్చిన ఏడాది ఊళ్లో కొందరు కలిసి బడి వరండాలో వంట మొదలుపెట్టినప్పుడు, ఆమె ఉల్లిగడ్డలు కోయడానికి వెళ్లింది. ఆ వంటే తర్వాత ట్రస్టు అయింది. జీతం తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. పంచాయతీ పక్కన ఒక గది, అందులో చక్రాల కుర్చీలు, వాకర్లు, ఒక మడత మంచం. అవసరమున్నవాళ్లు తీసుకెళ్తారు, పని తీరాక కడిగి తెచ్చిపెడతారు. మంచాన పడ్డవాళ్లకు వారానికో ఇంటి నుంచి అన్నం వెళుతుంది.

ఉల్లిగడ్డలు కోసిన ఖాజాబీ చాలాకాలం గరిటె ముట్టలేదు. ఎవరూ ముట్టొద్దనలేదు. ముట్టమనీ అనలేదు. ఒకరోజు, వంట చేసే భీమమ్మ పొయ్యి దగ్గర చెమటలు తుడుచుకుంటూ, "ఏమే ఖాజా, నా రెక్కలు పడిపోతుంటే సినిమా సూసినట్టు సూస్తున్నవ్. కలుపు జర," అని గరిటె చేతిలో పెట్టింది. ఆ రోజు ఇంటికొచ్చి ఖాజాబీ బియ్యం కడుగుతూ తనలో తాను నవ్వుకుంది.

ఇప్పుడు మొదటిసారి ఆమె ఇంటికి వారం వచ్చింది. అన్నం వెళ్లాల్సింది నాగప్పకు.

నాగప్ప నదిలో గుండ్రటి బుట్టలాంటి పుట్టి వేసుకుని చేపలు పట్టేవాడు. రాయచూరు వైపు మనిషి, పెళ్లి చేసుకుని ఈ ఒడ్డున ఉండిపోయాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. పుట్టిని నెత్తిన మోసుకొస్తూ రేవు దగ్గర జారి కాలు విరగ్గొట్టుకుంటే, బషీరే ఆటోలో గద్వాల దవాఖానకు తీసుకెళ్లాడు. కాల్లో రాడ్ వేశారు. కడుపునిండా తిన్నాకే మాత్రలు వేసుకోవాలని, తినకపోతే ఎముక అతకదని చెప్పి పంపారు. పోయిన వారం భీమమ్మ ఇంటి డబ్బాలో మెతుకు మిగల్లేదు. రోజూ కడిగి, అందులో ఎండుచేపలు వేసి మరీ పంపాడు.

సాయంత్రం ప్రేమ్ కుమార్ వచ్చాడు. అతనిది ఎరువుల దుకాణం. ట్రస్టులో ఎవరి వారం ఎప్పుడో చూసేది అతనే. లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, ఏమనుకోకు. రేపటి సంది, వచ్చే వారమున్న స్వరూపోళ్లింట్ల చేపిస్త."

"ఎందుకు తమ్మీ?"

"పాతకాలం మనిషి గద. నీకు తెల్వనిదేముంది."

"ఆయన గట్లన్నడా?"

"అనలే. అంటరా మల్ల? మూతనే తీస్తలేడు."

"మా ఆటోల పండవెట్టుకొని దవాఖానకు తీస్కపోయినప్పుడు ఆటో దిగి ఉరకలే గద?"

ప్రేమ్ కుమార్ తల గోక్కున్నాడు. "నన్నెందుకు పరేషాన్ చేస్తవ్ అక్కా. ఉత్త కడుపుతోని గోలీలు మింగుతుండు. ఎవరిదన్న గానీ, తినాలె."

ఆ మాటా నిజమే. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"రేపొక్క దినం ఆగు. నేనే తీస్కపోత," అంది.

ఆదివారం పూట రొట్టెలు కాలుస్తున్నంతసేపూ ఆమెకు భీమమ్మ గరిటె ఇచ్చిన రోజే గుర్తొస్తూ ఉంది. నాగప్ప నిజంగా వద్దంటే, ఇకమీదట తన ఇంటికి వారం వేసేముందు అందరూ ఒకసారి ఆలోచిస్తారు. ఎవరూ ఏమీ అనరు. మళ్లీ ఉల్లిగడ్డలు కోయనిస్తారు.

నాగప్ప వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. దవడలు లోపలికి పోయాయి. ఆమె డబ్బా మంచం మీద పెట్టింది.

"కాకా, ఒక మాట అడుగుత, దాపెట్టకుంట చెప్పు. నా చేతి కూడు నీకు వద్దా?"

నాగప్ప ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, హాగన్నబేడమ్మా! గట్లనకు." కంగారు పడితే అతనికి ముందు కన్నడమే నోటికొస్తుంది. "ఎవరన్నరు గా మాట?"

"నువ్వే. రెండ్రోజుల సంది మూత తీస్తలేవు."

అతను డబ్బా వైపు చూశాడు. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు: షేక్ బషీర్.

"చేపలు ఒడిసినయ్," అన్నాడు.

"ఏం చేపలు?"

అతను వసారాలో కట్టిన తాడు చూపించాడు. దాని మీద ఏమీ లేదు. "భీమమ్మ డబ్బాల ఏసినవే ఆఖరు. మంచంల వడ్డోన్ని, కొత్తయి యాడికెళ్లి తేవాలె? మొదటిసారి మీ ఇంటి కూడు పంపిస్తివి. ఉత్త గిన్నె ఎట్ల పంపాలె బిడ్డా?"

పక్కింటి నుంచి కూర వస్తే గిన్నె ఉత్తగా తిప్పి పంపరని ఖాజాబీకి తెలియక కాదు. తనింట్లోనూ అంతే. ట్రస్టు అన్నం విషయంలో ఆ సంగతి ఎవరికీ తోచలేదు.

"ట్రస్టోళ్లు ఎవరినన్న తిరిగి అడిగిండ్రా కాకా?"

"అడగరు. ట్రస్టు వాకరిచ్చింది, తీస్కున్న. కానీ కూడు ట్రస్టు వండలే గద. గిన్నె మీద మీ ఆయన పేరున్నది."

ట్రస్టు పేరుతో కొత్త డబ్బాలు కొనమని ప్రేమ్ కుమార్‌కు చెప్పవచ్చు. అప్పుడు నాగప్ప ఎవరికీ ఏమీ పంపనక్కర్లేదు. ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు. చుట్టూ చూసింది. వసారా మూలన చేపలకు పట్టించే రాళ్ల ఉప్పు బస్తా సగం దాకా ఉంది.

"ఇంట్ల ఏం లేనప్పుడు మా అమ్మ ఏం జేస్తుండెనో ఎర్కనా? పిడికెడు ఉప్పేసి పంపుతుండె."

వాళ్లమ్మ వేసేది చక్కెర.

"ఉప్పా?" నాగప్ప అనుమానంగా చూశాడు. "ఉప్పు చేతికియ్యొద్దంటరు. కొట్లాటలయితయ్."

"చేతికెవరియ్యమన్నరు? డబ్బాలెయ్. మనం కొట్లాడుడు ఎట్లాగూ అయిపాయె."

అతను నవ్వాడు. కాసేపు బస్తా వైపు, కాసేపు డబ్బా వైపు చూసి, మూత తీశాడు. ఖాజాబీ అటు తిరిగి నది వైపు చూస్తూ కూర్చుంది. వెనక రొట్టె తుంచిన చప్పుడు వినబడింది.

తిరిగొచ్చే దారిలో దుకాణం దగ్గర ప్రేమ్ కుమార్ ఎదురొచ్చాడు. ఆమె డబ్బా మూత తీసి చూపించింది. కడిగిన గిన్నె అడుగున ఉప్పు.

"గిదేంది అక్కా?"

"నాగప్ప కాక పంపిండు. స్వరూపకు చెప్పు, ఆమె వారం ఇంకా రాలేదని."

సోమవారం ఖాజాబీ ఆ ఉప్పుతోనే పప్పు వండి పంపింది. మధ్యాహ్నం బషీర్ ఆటో ఆగగానే మిషను ఆపి బయటికొచ్చింది.

"తిన్నడా?"

"తిన్నడు." బషీర్ నవ్వు ఆపుకుంటున్నాడు. "గంత ఉప్పిచ్చినా గింత చప్పగ వండుతదా మీ ఆమె, అడుగుపో, అన్నడు."

"గట్లన్నడా?"

"నేను ఆటో ఎక్కినాంక మల్ల కేకేసి చెప్పిండు."

ఖాజాబీ డబ్బా తీసుకుంది. లోపల మళ్లీ ఉప్పు, నిన్నటికంటే ఎక్కువే. మర్నాడు పప్పులో ఇంకొన్ని ఉప్పురాళ్లు వేసింది. ఇంట్లో అదే పప్పు తింటూ బషీర్ రెండో ముద్దకే నీళ్ల చెంబు అందుకున్నాడు.